పిక్కుకి పట్టాదారు ఒకరు, అనుభవదారు ఒకరు

శ్రీకాకుళం

నాన్నా చిన్నా,

నువ్వు పంపిన షీటు రాత్రి కూర్చుని మొత్తం చూశాను. అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏలో డ్రాఫ్ట్ పిక్కులు, అంటే కొత్త ఆటగాళ్లని ఎంచుకునే వంతులు, జట్లు మార్చుకునే యాప్‌కి సర్వరు అద్దె కట్టలేక గూగుల్ షీట్స్‌తో సరిపెడుతున్నానని బాధపడకు. 30 జట్లు, రెండు రౌండ్లు, ఏడేళ్లు. అంతా కలిపి 420 వరసలేరా! మరి స్క్రిప్టు ఆరు నిమిషాల గడువు దాటి ఆగిపోవడం ఏటి? లూపులో ఒక్కో గడికీ, అందులో ఉన్నది తెచ్చే గెట్‌వాల్యూని పిలుస్తున్నావు. పప్పుకోసారి, ఉప్పుకోసారి బజారుకెళ్తామా? గెట్‌వాల్యూస్‌తో పట్టికంతా ఒక్కసారే తెచ్చుకో. లెక్కలన్నీ మెమరీలో చేసి, ఒక్కసారే రాసెయ్.

నాకు కంగారు పుట్టించింది అది కాదు. పిక్కు చేతులు మారగానే పాత జట్టు పేరు చెరిపేస్తున్నావు. మన పొలం అడంగల్ చూశావు కదా, పట్టాదారు గడి వేరు, అనుభవదారు గడి వేరు. ఆ మడి ఎవరు కౌలుకి చేసినా తాతగారి పేరు కదలదు. పిక్కు ఎన్నో నంబరుకి వస్తుందన్నది అది మొదట ఎవరిదో ఆ జట్టు ఆటనిబట్టి, లాటరీనిబట్టి తేలుతుంది. ఆ పేరు పోతే ఇంకేం తేల్చగలవు? రెండు గడులూ ఉంచు. మార్పిడులకి వేరే షీటు పెట్టి కింద కలుపుతూ పో. తప్పు పడితే చెరపకు, ఎదురు పద్దు రాయి.

స్టెపియన్ నిబంధన దగ్గర నీ స్క్రిప్టు మంచి బేరాలు కూడా తిరగ్గొడుతోందన్నావు. వరసగా రాబోయే రెండు డ్రాఫ్టుల్లో జట్టుకి మొదటి రౌండు పిక్కు లేకుండా పోకూడదు, అది సొంతదే కానక్కర్లేదు. నువ్వు ఒక్కో పిక్కు కదిపినప్పుడల్లా సరిచూస్తున్నావు. ఒకటిచ్చి ఒకటి పుచ్చుకునేటప్పుడు మధ్యలో చెయ్యి ఖాళీగానే కనిపిస్తుంది మరి. బేరమంతా కాపీ మీద జరిపించాక తనిఖీ చెయ్యి.

పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారికి నేను రాసిచ్చిన షీటులో ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి నొక్కితే ఒకే లాటు ఇద్దరికి అమ్ముడైపోయింది. తాళం వెయ్యకపోవడం నా తప్పే. రెండో కొనుగోలుదారు లారీ తెచ్చి గోడౌను ముందు నిలబెట్టేశాడు. అందుకే చెప్తున్నాను, ఒకసారికి ఒక్కరినే రానిచ్చే లాక్‌సర్వీస్ తాళం చేతికొచ్చాకే పట్టిక చదువు. ముందు చదివేసి తర్వాత తాళం పట్టుకుంటే నీ దగ్గరున్నది పాత లెక్కే. రాసి, ఫ్లష్‌తో రాసిందంతా షీటులోకి ఎక్కించాకే తాళం వదులు.

షరతులున్న పిక్కుల జోలికి ఇప్పుడే ఎల్లకు. సంక్రాంతికి ల్యాప్‌టాప్ తెచ్చుకో, అరుగు మీద కూర్చుని రాద్దాం.

మీ పెదనాన్న