ఊరి కథలు రాసుకునే మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన పట్టిక చూశాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల కథల్ని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి కాలేజీలో ఇవ్వాలి, ‘మిత్’ అనే మాటకి తెలుగులో ఏం పెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నావు. పెంచలకోన, రొట్టెల పండుగ, కాటమరాజు, నెల్లూరు పేరు, అన్నింటి పక్కనా ఆ ఒక్క మాటే రాసిపెట్టావు. ముందు ఆ వరస మొత్తం చెరిపెయ్యి. అవి నాలుగూ నాలుగు రకాలు.

ఇంగ్లీషు మాట సంగతి తొందరగా చెప్పేస్తాను. దాని మూలం గ్రీకు మాట ‘మూథోస్’. హోమర్ కావ్యాల్లో దానికి మాట, ప్రసంగం అనే అర్థాలే కానీ అబద్ధమనే వాసన లేదు. ఆ తర్వాత ప్లేటో కాలానికి, తర్కంతో నిలబడే మాట ‘లోగోస్’ అని, కథగా చెప్పేది ‘మూథోస్’ అని తేడా వచ్చింది. ప్లేటో మాత్రం తన వాదాల మధ్యలో కథలు హాయిగా చెప్పుకున్నాడు. ఇంగ్లీషులోకి ముందు వచ్చింది ‘మైథాలజీ’. ‘మిత్’ 19వ శతాబ్దంలో గానీ వాడుకలోకి రాలేదు. ఇవాళ దానికి రెండు అర్థాలు నడుస్తున్నాయి: దేవతల కథ, సృష్టి కథ ఒకటి; జనం నిజమని నమ్మే తప్పుడు మాట ఇంకొకటి. మైథాలజీ అన్నా అంతే, ఒక జాతి చెప్పుకునే కథలన్నీ కలిపి ఒక అర్థం, వాటిని పరిశీలించే శాస్త్రం ఇంకో అర్థం. మనవాళ్లు కొందరు ‘మిథ్’ అని రాస్తారు. అట్లా రాస్తే మన ‘మిథ్య’కి చుట్టమనిపిస్తుంది. శబ్దం కలిసిందే తప్ప వాటికి చుట్టరికం లేదు.

ఇక అసలు పని. కథ ఏ రకమో తెలియాలంటే చెప్పేవాళ్ల క్రియాపదం విను. పెంచలకోనలో పూజారిని అడిగితే, హిరణ్యకశిపుణ్ణి చంపిన కోపంతో నరసింహస్వామి ఈ కొండల్లోకి వచ్చాడు, చెంచులక్ష్మిని పెళ్లాడాడు, ఇక్కడే వెలిశాడు అంటాడు. కణ్వమహర్షి తపస్సు చేసిన చోటు కాబట్టి ఏటికి కండలేరు అని పేరొచ్చింది అంటాడు. ‘అంట’ అనే మాటే రాదు. అది స్థలపురాణం. దాన్ని ఆ పేరుతోనే రాయి.

రొట్టెల పండుగ కథ అడుగు. స్వర్ణాల చెరువు గట్టున బట్టలుతికే భార్యాభర్తలు ఒక రాత్రి అక్కడే నిద్రపోయారంట, బారాషహీద్ దర్గాలోని అమరులు కలలో కనిపించి తమ సమాధుల దగ్గరి మట్టితో ఆర్కాటు నవాబు భార్య జబ్బు నయమవుతుందన్నారంట, జబ్బు నయమయ్యాక నవాబు మొక్కు తీర్చుకోను ఇక్కడికి వచ్చాడంట. వాక్యానికొక ‘అంట’. నమ్మకం లేక అలా అనడం లేదు. పెద్దల నోటి నుంచి విన్నాం, మేం చూడలేదు అని నిజాయితీగా చెబుతున్నారు. సంస్కృతంలో ‘ఇతి హ’ అంటే దాదాపు అదే, ఇట్లాగంట అని. ఐతిహ్యం అనే మాట అందులోంచే పుట్టింది. ఇతిహాసం దాని తోబుట్టువే, కానీ ‘ఇట్లానే జరిగింది’ అని ఇంకాస్త గట్టిగా చెబుతుంది. బారాషహీద్ దర్గా కథ పక్కన ఐతిహ్యం అని రాసుకో. ముహర్రం రోజుల్లో చెరువులో దిగి రొట్టెలు మార్చుకునే ఆచారం ఆ కథ మీదే నిలబడింది కనుక, ఆచారాన్నీ కథనీ ఒకేచోట రాయి.

‘అనగనగా’ అని మొదలైతే అది కథ. దానితో పేచీ లేదు. విలియం బాస్కమ్ అనే అమెరికా పరిశోధకుడు 1965లో రాసిన వ్యాసంలో ఇట్లాగే, చెప్పేవాళ్లూ వినేవాళ్లూ ఎంత నమ్ముతారన్నదాన్ని బట్టి కథల్ని మూడు రకాలు చేశాడు. మీ మేడమ్‌కి ఆయన పేరు చెబితే సంతోషిస్తారు.

కాటమరాజు కథ దగ్గర జాగ్రత్త. అది వీరగాథ, గొల్లల కథ. కరువుకి పశువుల్ని నెల్లూరు సీమకి తోలుకొచ్చారు, పుల్లరి, అంటే పశువుల మేత పన్ను, దగ్గర రాజు మనుమసిద్ధితో తగువొచ్చింది, పాలేరు ఒడ్డున యుద్ధమైంది, రాజు సేనాని ఖడ్గ తిక్కన పోయాడు. అంతకుముందు ఒకసారి ఓడి ఇంటికొస్తే ఆయన భార్య స్నానానికి నీళ్లతోపాటు పసుపు ముద్ద పెట్టిందనీ, తల్లి విరిగిన పాలు పోసిందనీ చాటువుల్లో ఉంది. ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి నెల్లూరు ఏలాడనేది చరిత్ర, కవి తిక్కన ఆయన మంత్రి అనేదీ చరిత్రే. పసుపు ముద్ద మాత్రం గాథలోది. రెండింటినీ ఒకే పేరాలో కలిపితే చదివేవాడు పసుపు ముద్దకి కూడా శాసనం ఉందనుకుంటాడు. విడివిడి పేరాలు రాయి.

కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్ర రాసిన పాత కాగితాలు, దొరికితే వదలొద్దు. 19వ శతాబ్దం మొదట్లో కంపెనీ సర్వే అధికారి మెకంజీ దొర కోసం కావలి సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి పోగుచేసినవి. దేవుడు వెలిసిన కథా, రాజు ఇచ్చిన మాన్యం లెక్కా ఒకే కాగితంలో ఉంటాయి. కథ వెనక భూమి హక్కు ఉందేమో చూసుకుంటూ చదువు.

నెల్లూరు పేరుకి రెండు మాటలున్నాయి. నెల్లి, అంటే ఉసిరి చెట్టు కింద శివలింగం దొరికిందనీ, ఆయనే మూలస్థానేశ్వరుడనీ ఒకటి. తమిళంలో నెల్ అంటే వడ్లు కాబట్టి వడ్ల ఊరని ఇంకొకటి. రెండోది శాస్త్రంలా వినిపిస్తుంది కదా అని అదే నిజమని తేల్చెయ్యకు. ఒకటి భక్తుల ఊహ, రెండోది పండితుల ఊహ.

పేపర్లలో ‘అపోహలు, వాస్తవాలు’ అని వేస్తారే, ఇంగ్లీషులో దానికీ ‘మిత్’ అనే మాటే వాడతారు. గ్రహణం తీసుకో. రాహువు సూర్యుణ్ణి మింగుతాడనేది పురాణ కథ, దానికి ఎవరూ నష్టపోరు. గ్రహణం వేళ గర్భిణి కూరగాయలు తరిగితే బిడ్డకి గ్రహణమొర్రి వస్తుందనేది అపోహ. ఆ పిల్ల ఆ పూటంతా తిండి లేకుండా చీకటి గదిలో పడుకుంటుంది. రెంటినీ ఒక్క మాటతో పిలిస్తే ఎట్టా?

‘పుక్కిటి పురాణం’, ‘కట్టుకథ’ అనేవి నీ రాతలో ఎక్కడా రానివ్వకు. అవి తిట్లు. చేతనైతే ‘పురాగాథ’ను కూడా తగ్గించు. ‘మిత్’కి విమర్శకులు చేసుకున్న మాట అది, ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఇంగ్లీషు కాపీలో స్థలపురాణం అనే మాట అలాగే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట ఒక వాక్యంలో వివరించు. మేడమ్ ఒప్పుకోకపోతే ‘టెంపుల్ లెజెండ్’ అను. గుడి కథలకి ‘మిత్’ అని మాత్రం వద్దు. నీకు కథ చెప్పే పూజారిగారి మనవడు కూడా ఇంగ్లీషు మీడియంలోనే చదువుతుంటాడు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య, నెల్లూరు