నాలుగో పేజీలో హరి

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. రెండుసార్లూ నాలుగో పేజీ దగ్గర కోపం వచ్చింది. తాతయ్య ఆఖరి ఊపిరి తీస్తూ ‘హరి’ అంటాడు. వెంటనే నువ్వు కథ ఆపేసి, ఆ మాటకున్న అర్థాల కోసం సంస్కృత నిఘంటువు అమరకోశం తెరిచావు. యముడు, గాలి, ఇంద్రుడు, చంద్రుడు, సూర్యుడు, విష్ణువు, సింహం, కిరణం, గుర్రం, చిలుక, పాము, కోతి, కప్ప. పదమూడూ వరసపెట్టి, బ్రాకెట్లో కపిలవర్ణం కూడా! అక్కడ మనిషి పోతున్నాడమ్మా.

నిఘంటువు మీద నాకు పగ లేదు. ఆ శ్లోకం తొమ్మిదో ఏట బెత్తం దెబ్బలతో నేర్చుకున్నాను, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ ఆ పదమూడూ ఒక్కసారే పలికే చోటు ఎక్కడా లేదు. ఏది పలకాలో పక్కనున్న మాట చెబుతుంది. వేదంలో ఇంద్రుడి పక్కన ‘హరీ’ అంటే ఆయన రథానికి కట్టిన జంట గుర్రాలు. ధనుర్మాసం తెల్లారగట్ల చిడతలు వినిపించి, బియ్యం చేటతో గుమ్మంలోకి వచ్చిన ఇల్లాలికి హరి అంటే విష్ణువే. కప్ప గుర్తుకు రాదు.

నీ కథలో అసలు హరి వేరే ఉన్నాడు, నువ్వే చూసుకోలేదు. రెండో పేజీలో పాలేరు వచ్చి ‘బోరు మోటారు హరీమందయ్యా’ అంటాడు. అది చదివి కాసేపు కాగితాలు పక్కన పెట్టేశాను. ఈ అర్థం అమరంలో లేదు. పోయే ప్రాణానికి చెవిలో హరినామం చెప్పే ఇళ్ళలో పుట్టి, కాలిపోయిన మోటారు దాకా నడిచొచ్చిందని నా నమ్మకం.

నా మొదటి కథలో, మా నాన్న వ్యాపారం మూతబడ్డ రోజు గురించి ‘కొట్టు హరీమంది’ అని రాశాను. సంపాదకుడు గ్రామ్యమని కొట్టేసి ‘వాణిజ్యము నష్టపోయినది’ అని అచ్చేశాడు. నాన్న చదివి ‘ఇది ఎవరి కొట్టురా?’ అన్నాడు. నలభై ఏళ్ళయినా ఆ మంట ఆరలేదు. ఇప్పటివాళ్ళు దీనికి తిరగబడి, యాస కనిపిస్తే చాలు, అది ఎవరి నోట్లోదో కూడా చూడకుండా వేసేస్తున్నారు.

ఏ పత్రికకి పంపాలన్నావు, ముందుమాట అడిగావు. అవి తర్వాత.

నాలుగో పేజీలో ఆ జాబితా మొత్తం తీసెయ్. తాతయ్య ‘హరి’ అన్నప్పుడు పాలేరు గుమ్మంలో నిలబడి వినాలి. అతని చేత ఇంకేమీ అనిపించకు. దీపావళి లోపు మళ్ళీ పంపు.