చేతి కొలతకు తగిన ట్రాక్‌బాల్ ఏది?

సందేహం: నేను విజయవాడలో ఒక ఆడిటర్ కార్యాలయంలో పనిచేస్తున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ట్యాలీ, ఎక్సెల్‌లతోనే పని కావడంతో కుడి మణికట్టు నొప్పి పెడుతోంది. ట్రాక్‌బాల్ మౌస్ వాడి చూడమని తోటి ఉద్యోగి ఒకరు సలహా ఇచ్చారు. నా చేయి చిన్నది. మణికట్టు దగ్గరి మడత నుంచి నడిమి వేలి కొస వరకు 16.5 సెంటీమీటర్లు ఉంది. నాకు ఏది సరిపోతుందో చెప్పగలరా?

సమాధానం: చేతిని కొలిచి మరీ అడిగినందుకు సంతోషం అండీ. చాలామంది ధర చూసి, బ్రాండు చూసి కొనేస్తారు. నెల తిరిగేసరికి అది బీరువాలోకి చేరుతుంది.

ట్రాక్‌బాల్‌లో మౌస్ బల్ల మీద ఉన్నచోటే ఉంటుంది, దాని పైన అమర్చిన బంతిని వేలితో దొర్లిస్తే తెర మీద కర్సర్ కదులుతుంది. దీనివల్ల మణికట్టుకూ మోచేతికీ శ్రమ తగ్గే మాట నిజమే కానీ, ఆ శ్రమ ఎటూ పోదు, వేళ్ల మీదికి చేరుతుంది. కాబట్టి పరిమాణం కంటే ముందు, ఆ భారం ఏ వేలి మీద పడాలో మీరు నిర్ణయించుకోవాలి.

లాజిటెక్ వారి ఎర్గో ఎం575, ఎంఎక్స్ ఎర్గో బొటనవేలితో తిప్పే రకాలు. రెండింటిలోనూ బంతి 34 మిల్లీమీటర్లు. ఎం575 పొడవు 134, వెడల్పు 100, ఎత్తు 48 మిల్లీమీటర్లు. వీటి ఒంపు కుడి అరచేతిని ఒకే చోట కూర్చోబెట్టేలా మలచి ఉంటుంది కనుక, చేతికి కుదిరితే ఎంతో హాయిగా ఉంటాయి గాని, కుదరకపోతే చేతిని అటూ ఇటూ జరిపి సర్దుకునే వీలు ఉండదు. చేయి చిన్నదైతే బంతిని అందుకోవడానికి బొటనవేలు పూర్తిగా చాచవలసి వస్తుంది, మరీ పెద్దదైతే కణుపు దగ్గర ముడుచుకోవలసి వస్తుంది. ఈ రెండూ బొటనవేలి మొదట్లో నొప్పి తెచ్చిపెట్టేవే. అరచేయి ఆనించినప్పుడు బొటనవేలు కొద్దిగా వంగి, దాని మెత్తని భాగం బంతి నడుమన పడాలి.

కొనకముందే ఇంట్లో ఒక పరీక్ష చేసుకోవచ్చు. చిన్న తువ్వాలును ఐదు సెంటీమీటర్ల ఎత్తు వచ్చేలా మడిచి దాని మీద అరచేయి ఆనించి, ఎడమ పక్కన బొటనవేలికి అందేచోట ఒక చిన్న నిమ్మకాయ పెట్టి దొర్లించండి. పది నిమిషాలకే బొటనవేలి మొదలు లాగుతున్నట్లు అనిపిస్తే, ఆ రకం మీకు వద్దు. రోజంతా ఫోన్ మీద టైప్ చేసి ఆ వేలు ఇప్పటికే అలసి ఉండవచ్చన్నది కూడా గుర్తుంచుకోండి.

రెండో రకంలో బంతి మధ్యలో ఉంటుంది, దాన్ని చూపుడు వేలు, నడిమి వేలు కలిసి తిప్పుతాయి. కెన్సింగ్టన్ వారి ఎక్స్‌పర్ట్ మౌస్‌లో బంతి 55 మిల్లీమీటర్లు, ఎలెకామ్ హ్యూజ్‌లో 52. చేయి పెద్దగా ఉన్నవారికి ఇవి బాగుంటాయి. ఎలెకామ్ డెఫ్ట్ ప్రోలో బంతి 44 మిల్లీమీటర్లు. కెన్సింగ్టన్ ఆర్బిట్‌లో 40, అంటే సరిగ్గా టేబుల్ టెన్నిస్ బంతి అంత. ఆర్బిట్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి చేతిని కాస్త ముందుకో వెనక్కో జరుపుకొని సౌకర్యం చూసుకోవచ్చు, ఎడమచేతి వాటం వారికీ పనికివస్తుంది.

మీ కొలతకు నేను సూచించేది స్క్రోల్ రింగ్ ఉన్న ఆర్బిట్. బంతి చుట్టూ ఉన్న ఆ రింగును తిప్పుతూ పొడవాటి లెడ్జర్లను సులువుగా కిందికి జరపవచ్చు. దీనికి బటన్లు రెండే ఉంటాయి కానీ, మీ పనికి అవి చాలు. ముందు అంచు ఎత్తుగా ఉండి మణికట్టు పైకి వంగుతున్నట్లనిపిస్తే, దానితో వచ్చే మణికట్టు దిండును తప్పక తగిలించండి.

మొదటి వారం ఎక్సెల్‌లో గడి మూలన ఉండే చిన్న చతురస్రాన్ని పట్టుకొని కిందికి లాగడమే కష్టమనిపిస్తుంది. బొటనవేలితో ఎడమ బటన్‌ను నొక్కి ఉంచి, మిగతా రెండు వేళ్లతో బంతిని నెమ్మదిగా దొర్లించండి. కర్సర్ గడి దాటి పోతుంటే, విండోస్ 11 సెట్టింగ్స్‌లో ‘బ్లూటూత్ అండ్ డివైజెస్’ కింద ‘మౌస్’ తెరిచి, వేగాన్ని ఒకటి రెండు మెట్లు తగ్గించండి.

చేతికి తిమ్మిర్లు వస్తున్నా, రాత్రిళ్లు నొప్పికి మెలకువ వస్తున్నా మౌస్ మార్చి ఊరుకోకుండా వైద్యునికి చూపించండి.

కొన్ని వారాలకు బంతి పట్టిపట్టి తిరుగుతున్నట్లు అనిపిస్తే కంగారుపడనక్కరలేదు. బంతిని బయటికి తీసి చూస్తే, అది ఆనే మూడు చిన్న పూసల చుట్టూ బూడిదరంగు మట్టి గట్టిపడి కనిపిస్తుంది. దాన్ని పొడి గుడ్డతోనో చెవిలో పెట్టుకునే దూది పుల్లతోనో తుడిస్తే చాలు, బంతి మళ్లీ మొదటి రోజులాగే దొర్లుతుంది.