బీపీ మాత్ర వల్లే మా నాన్న ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. పత్తి చేలో పని చేసుకునే మా నాన్నకు 58 ఏళ్లు. ఆరేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్ 40 మిల్లీగ్రాముల మాత్ర వేసుకునేవారు. రెండు నెలల క్రితం వారం రోజులు జ్వరం తగ్గక, ఆయాసం కూడా మొదలవడంతో ఆసుపత్రిలో చేర్చాం. స్క్రబ్ టైఫస్ అని, దానివల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని ఏఆర్‌డీఎస్ వచ్చిందని చెప్పి 11 రోజులు వెంటిలేటర్ మీద ఉంచారు. చేరిన రోజే బీపీ మాత్ర ఆపేసి, బీపీ పెంచే మందు ఎక్కించారు. ఇంటికి వచ్చి మూడు వారాలైంది. ఇప్పుడు బీపీ 150/90 దాకా ఉంటోంది, మాత్ర మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. బీపీ మాత్ర వల్లే ఊపిరితిత్తులు పాడయ్యాయని బంధువులు అంటున్నారు. బీపీని పెంచే హార్మోనే ఊపిరితిత్తులను దెబ్బతీస్తుందని, కాబట్టి ఆ మాత్రే రక్షణ అని నేను వేరేచోట చదివాను. ఏది నిజం? మా అమ్మ కూడా బీపీకి రామిప్రిల్ వాడుతోంది. రెండు నెలలుగా ఆమెకు పొడి దగ్గు. ఆమె ఊపిరితిత్తులు కూడా దెబ్బతింటున్నాయా?

జవాబు: మీ నాన్నగారి ఊపిరితిత్తులను దెబ్బతీసింది స్క్రబ్ టైఫస్. ఆరేళ్లుగా వేసుకుంటున్న టెల్మిసార్టాన్‌కు అందులో పాత్ర లేదు. బంధువుల మాట మనసులో పెట్టుకుని మాత్ర మీద భయం పెంచుకోవద్దు. అలాగని మీరు చదివినది పూర్తిగా తప్పూ కాదు. అందులో నిజం ఉంది, కానీ ఆ నిజాన్ని మనిషికి వైద్యంగా మార్చబోయినప్పుడు ఫలితం మరోలా వచ్చింది. ఈ తేడా తెలిస్తే మీ నాన్నగారికి ఐసీయూలో మాత్ర ఎందుకు ఆపారో, ఇప్పుడు మళ్లీ ఎందుకు మొదలుపెట్టాల్సి రావచ్చో మీకే బోధపడుతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

స్క్రబ్ టైఫస్‌ను కలిగించే బ్యాక్టీరియా పొదల్లో, గడ్డిలో ఉండే నల్లిలాంటి అతి చిన్న పురుగు కుట్టడం వల్ల ఒంట్లోకి వస్తుంది. కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్లు నల్లటి మచ్చ పడవచ్చు. చంకల్లో, గజ్జల్లో, నడుము మడతల్లో దాన్ని వెతకకపోతే చాలాసార్లు కనిపించదు. లోపలికి చేరిన బ్యాక్టీరియా ముఖ్యంగా రక్తనాళాల లోపలి పొరలోని కణాల్లో కాపురం పెడుతుంది. ఆ పొర దెబ్బతిన్నప్పుడు రక్తంలోని ద్రవం నాళాల్లో నిలవదు, బయటికి కారుతుంది. ఊపిరితిత్తుల్లో అలా కారిన ద్రవం గాలి గదుల్ని నింపేయడం వల్ల ఎంత ఆక్సిజన్ పెట్టినా రక్తంలోకి చేరదు. దీన్నే ఏఆర్‌డీఎస్ అంటారు. అదే కారుడు ఒళ్లంతా జరగడం, నాళాలు బిగువు కోల్పోవడం వల్ల బీపీ పడిపోతుంది. అంటే మీ నాన్నగారికి ఊపిరి అందకపోవడం, బీపీ పడిపోవడం రెండు వేర్వేరు జబ్బులు కావు. ఒకే పొర దెబ్బతినడం వల్ల వచ్చిన రెండు ఫలితాలు. నిమోనియా, డెంగీ, మలేరియా, ఒంట్లో మరెక్కడైనా ముదిరిన ఇన్ఫెక్షన్ కూడా ఇదే స్థితికి తీసుకురాగలవు. ఏఆర్‌డీఎస్‌ను అమెరికాలోని డెన్వర్ వైద్యులు 1967లో 12 మంది రోగుల వివరాలతో మొదటిసారి వర్ణించినప్పుడు కూడా వాళ్లు గమనించింది ఇదే: కారణాలు వేరు, ఊపిరితిత్తులు దెబ్బతిన్న తీరు ఒకటే.

బీపీ హార్మోన్ల కథలో కూడా ఈ పొరే ముఖ్యం. రక్తపోటు తగ్గినట్లు గుర్తించగానే మూత్రపిండాలు రెనిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. దీన్ని 1898లో స్టాక్‌హోమ్‌లో టైగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు కుందేలు మూత్రపిండాల నుంచి తీసిన సారంలో కనుగొన్నారు. కాలేయం తయారుచేసే ఒక పెద్ద ప్రోటీన్‌ను రెనిన్ కత్తిరిస్తే యాంజియోటెన్సిన్ 1 వస్తుంది. పది పూసల దండలాంటి ఈ పదార్థానికి సొంతంగా పెద్ద బలం లేదు. ఏసీఈ అనే ఎంజైమ్ దాని చివరి రెండు పూసలను తెంపితే ఎనిమిది పూసల యాంజియోటెన్సిన్ 2 తయారవుతుంది. రక్తనాళాలను బిగించేది, ఆల్డోస్టెరాన్ అనే మరో హార్మోన్‌ను విడుదల చేయించి ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలిపేది ఇదే. ఈ మార్పు చాలావరకు ఊపిరితిత్తుల్లోనే జరుగుతుందని 1960ల చివర్లో లండన్‌లో జాన్ వేన్ బృందం చూపించింది. ఆలోచిస్తే ఇది సహజమే. నిమిషానికి సుమారు ఐదు లీటర్ల చొప్పున ఒంట్లోని రక్తమంతా ఊపిరితిత్తుల గుండానే వెళ్తుంది, అక్కడి సన్నని నాళాల లోపలి పొర నిండా ఏసీఈ ఉంటుంది. ఊపిరితిత్తులు గాలి కోసమే ఉన్నాయని మనం అనుకుంటాం, కానీ బీపీని నిలబెట్టే పనిలో కూడా వాటికి ఇంత వాటా ఉంది.

యాంజియోటెన్సిన్ 2 మోతాదు మించితే నష్టమే. ఊపిరితిత్తుల నాళాలను అతిగా బిగిస్తుంది, వాటి గోడలను మరింత కారేలా చేస్తుంది, వాపును పెంచుతుంది, మానే దశలో మచ్చ కట్టడానికి కూడా తోడ్పడుతుంది. దీనికి పగ్గం వేయడానికి శరీరంలోనే 2000 సంవత్సరంలో కనుగొన్న ఏసీఈ2 అనే మరో ఎంజైమ్ ఉంది. అది యాంజియోటెన్సిన్ 2 నుంచి ఇంకొక్క పూసను తెంపి ఏడు పూసల దండగా మారుస్తుంది. ఆ ఏడు పూసలది నాళాలను సడలించి, వాపును తగ్గించే స్వభావం. 2005లో వియన్నాకు చెందిన జోసెఫ్ పెన్నింగర్ బృందం ఎలుకల ఊపిరితిత్తులను ఆమ్లంతో దెబ్బతీసి చూసినప్పుడు ఏసీఈ2 లేని ఎలుకల పరిస్థితి బాగా విషమించింది. బయటినుంచి ఏసీఈ2 ఇస్తే మెరుగుపడింది. 2003లో సార్స్‌ను కలిగించిన వైరస్ కణంలోకి దూరే ద్వారం కూడా ఏసీఈ2యే అని అప్పటికే తేలింది. కోవిడ్ వైరస్ కూడా అదే ద్వారం వాడుకుంది. మీరు చదివిన మాటకు మూలం ఈ పరిశోధనలే అయి ఉండాలి.

అలాగైతే టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి మందులతో యాంజియోటెన్సిన్ 2ను అడ్డుకుంటే ఊపిరితిత్తులు బాగుపడాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. వైద్యులమైన మాకూ అనిపించింది, కోవిడ్ కాలంలో మేమూ ఆ ఆశతోనే ఎదురుచూశాం. ఏఆర్‌డీఎస్ రోగులకు ఏసీఈ2నే మందుగా ఇచ్చి చూసిన ఒక చిన్న అధ్యయనం 2017లో వెలువడింది. రక్తంలో యాంజియోటెన్సిన్ 2 తగ్గింది, కానీ ఆక్సిజన్ అందడం మెరుగుపడలేదు. కోవిడ్‌తో విషమ స్థితిలో ఉన్నవారికి ఈ రకం బీపీ మందులను కొత్తగా మొదలుపెట్టి చూసిన రీమ్యాప్-క్యాప్ అనే అంతర్జాతీయ పరీక్షలో, హాని జరుగుతోందేమో అన్న అనుమానంతో 2022 ఫిబ్రవరిలో కొత్తవారిని చేర్చుకోవడం ఆపేశారు. లెక్క చూస్తే, వెంటిలేటర్ వంటి అవయవాల సహాయం అవసరం లేకుండా గడిపిన రోజులు మందు ఇవ్వనివారిలో 12 కాగా, ఏసీఈని అడ్డుకునే రామిప్రిల్ తరహా మందు ఇచ్చినవారిలో 10, టెల్మిసార్టాన్ తరహా మందు ఇచ్చినవారిలో 8. ఆసుపత్రి నుంచి ప్రాణాలతో బయటపడినవారు కూడా మందు ఇవ్వనివారిలో 79 శాతం ఉండగా మిగతా రెండు వర్గాల్లో 72, 70 శాతం మాత్రమే. ఏడు పూసల దండను మందుగా ఎక్కించి చూసినా మేలు కనబడలేదు.

ఎందుకిలా జరిగిందంటే, నా అవగాహనలో కారణం ఇది. ప్రయోగశాలలో ఎలుక ఊపిరితిత్తి ఒక్కటే దెబ్బతింటుంది. ఐసీయూలో పడుకున్న మనిషికి మూత్రపిండాలు, గుండె, మెదడు కూడా అదే సమయంలో రక్తం సరిపోక తల్లడిల్లుతుంటాయి. అప్పుడు రక్తపోటును కింద పడకుండా పట్టి ఉంచుతున్నది ఆ యాంజియోటెన్సిన్ 2యే. ఊపిరితిత్తుల కోసం దాన్ని అడ్డుకుంటే మూత్రపిండాలకు రక్తం తగ్గిపోతుంది. నిజానికి మిగతా మందులతో లొంగని షాక్‌లో, అంటే బీపీ ప్రమాదకరంగా పడిపోయిన స్థితిలో, యాంజియోటెన్సిన్ 2నే ఎక్కించి బీపీ నిలబెట్టే వైద్యం కూడా ఉంది. 2017లో వెలువడిన పరీక్షలో అది ఇచ్చినవారిలో దాదాపు 70 శాతం మందికి బీపీ కోరిన స్థాయికి చేరగా, ఇవ్వనివారిలో 23 శాతం మందికే చేరింది. ఒకే హార్మోన్‌ను ఒక పరిశోధనలో అడ్డుకుంటున్నాం, మరో పరిశోధనలో ఎక్కిస్తున్నాం. రెండింటికీ కారణం ఉంది. రోగి ఆ గంటలో ఏ స్థితిలో ఉన్నాడన్నదే దేనివైపు మొగ్గాలో చెబుతుంది.

కాబట్టి మీ నాన్నగారిని చేర్చిన రోజే బీపీ మాత్ర ఆపడం, బీపీ పెంచే మందు ఎక్కించడం సరైన వైద్యమే. బీపీ పడిపోతున్న మనిషికి దాన్ని ఇంకా తగ్గించే మాత్ర ఇవ్వడం ప్రమాదం. మాత్ర ఆపారంటే అది చెడ్డదని తేల్చినట్లు కాదు. దీనికి మరో పక్క నుంచి కూడా ఆధారం ఉంది. కోవిడ్ మొదలైన 2020లో ఈ మాత్రలు వేసుకునేవారికి ముప్పు ఎక్కువని పుకారు లేచి, ఎందరో సొంతంగా మానేశారు. అప్పుడు బ్రెజిల్‌లో, ముందునుంచీ ఈ మందులు వాడుతూ కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరిన 659 మందిలో కొందరికి మాత్ర ఆపి, కొందరికి కొనసాగించి చూశారు. వీళ్లకు జబ్బు తీవ్రత తక్కువ నుంచి ఓ మాదిరి వరకే ఉంది. నెల రోజుల్లో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మీ బంధువులకు ఈ ఒక్క విషయం చెప్పండి, చాలు.

ఊపిరితిత్తులను నిజంగా కాపాడింది ఏమిటని అడిగితే, జబ్బుకు తగిన యాంటీబయోటిక్, అంటే స్క్రబ్ టైఫస్‌లో డాక్సీసైక్లిన్ లేదా అజిత్రోమైసిన్, ఆ తర్వాత వెంటిలేటర్‌ను ఒడుపుగా నడపడం. ఒక్కో శ్వాసకు పంపే గాలిని, ఎత్తును బట్టి లెక్కగట్టే బరువులో కిలోకు 12 మిల్లీలీటర్ల నుంచి 6కు తగ్గిస్తే మరణాలు దాదాపు 40 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయని 2000లో అమెరికాలో తేలింది. తీవ్రమైన ఏఆర్‌డీఎస్ రోగులను రోజుకు కనీసం 16 గంటలు బోర్లా పడుకోబెడితే 28 రోజుల్లో మరణాలు 33 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయని 2013లో వెలువడిన ఫ్రెంచ్ వైద్యుల అధ్యయనం చూపించింది. మీ నాన్నగారిని కూడా బోర్లా పడుకోబెట్టి ఉంటే, ఆ మాట డిశ్చార్జి కాగితంలో ఉంటుంది.

ఇప్పుడు మాత్ర సంగతి. ఐసీయూ నుంచి వచ్చిన మనిషి బరువు తగ్గి, నీరసంగా ఉండటం వల్ల మొదటి కొన్ని వారాలు బీపీ తక్కువగా ఉంటుంది. ఒంట్లో బలం చేరేకొద్దీ పాత బీపీ మళ్లీ తల ఎత్తుతుంది. మీరు రాసిన 150/90 ఒకటి రెండు సార్లు కాకుండా వరుసగా వస్తుంటే దాన్ని వదిలేయకూడదు. అయితే పాత మాత్రల పెట్టె తీసి మీరే మొదలుపెట్టవద్దు. వారం రోజులు పొద్దున, సాయంత్రం ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి బీపీ చూసి రాసి పెట్టండి. లేచి నిలబడ్డాక కూడా ఒకసారి చూడండి, కళ్లు తిరుగుతున్నాయేమో అడగండి. ఆ కాగితంతో పాటు క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించి మీ వైద్యుడికి చూపించండి. షాక్‌లోకి వెళ్లినవారికి మూత్రపిండాలు కూడా దెబ్బతిని ఉండే అవకాశం ఎక్కువ కనుక ఈ రెండు పరీక్షలు చూడకుండా టెల్మిసార్టాన్ మళ్లీ ఇవ్వడం నాకు సమ్మతం కాదు. అవి బాగుంటే వైద్యుడు అదే మాత్రను తక్కువ మోతాదుతో మొదలుపెట్టవచ్చు, లేదా ప్రస్తుతానికి ఆమ్లోడిపిన్ లాంటి వేరే రకం ఇవ్వవచ్చు. టెల్మిసార్టాన్ మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకు అవే పరీక్షలు మళ్లీ చేయించాలి. ఆ మాత్ర మీద ఉండగా ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటివి మందుల దుకాణంలో అడిగి వేసుకోకూడదు. మూత్రపిండాలు పూర్తిగా కోలుకునేదాకా, బలానికని రోజూ కొబ్బరినీళ్లు తాగించే ముందు కూడా వైద్యుడిని అడగండి, వాటిలో పొటాషియం ఎక్కువ. ఎప్పుడైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే వెంటనే వైద్యుడికి ఫోన్ చేయండి, మాత్రను రెండు మూడు రోజులు ఆపమనవచ్చు. నడిస్తే ఆయాసం ఇంకా కొన్ని నెలలు ఉండవచ్చు. అది వారం వారం తగ్గుతూ రావాలి. తగ్గకపోగా పెరిగితే, జ్వరం తిరగబెడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మీ అమ్మగారి దగ్గు విషయం వేరు. ఏసీఈ యాంజియోటెన్సిన్‌ను కత్తిరించడంతో పాటు బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని కూడా విరిచేస్తుంది. రామిప్రిల్ ఏసీఈని అడ్డుకున్నప్పుడు బ్రాడీకైనిన్ పేరుకుపోయి గొంతులో గిలిపెట్టినట్లు పొడి దగ్గు వస్తుంది. ఇది చికాకే కానీ ఊపిరితిత్తులకు నష్టం కాదు. మందు మార్చాక సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో, కొందరిలో మూడు నెలల్లోపు తగ్గిపోతుంది. టెల్మిసార్టాన్ తరహా మందులు ఏసీఈ జోలికి వెళ్లవు కనుక వాటితో ఈ దగ్గు చాలా అరుదు. అందుకే వైద్యులు సాధారణంగా వాటికే మారుస్తారు. అయితే రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా మన దగ్గర ముందు క్షయ లేదని తేల్చుకోవాలి కనుక ఛాతీ ఎక్స్‌రే తీయించండి, కళ్లె పడుతుంటే కళ్లె పరీక్ష కూడా చేయించండి. ఇది ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. రామిప్రిల్ వాడేవారిలో ఎప్పుడైనా పెదవులు, నాలుక, ముఖం హఠాత్తుగా వాచితే అది దగ్గులా తేలిగ్గా తీసుకునేది కాదు. మాత్ర ఆపి, ఆ క్షణమే 108కు ఫోన్ చేయాలి.