పాత బీటిల్ ఏ ఏడాదిదో పోల్చుకోవడం

చిరంజీవి రవికి, బాబాయి ఆశీస్సులు.

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ని చూసి ఏ ఏడాది బండో ఎలా చెప్పాలని అడిగావు. ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకో. ఈ కారుకి నాలుగు మడ్‌గార్డులూ, ముందు బానెట్టూ, వెనక ఇంజిన్ మూతా, బంపర్లూ అన్నీ బోల్టులతో బిగించినవే. ఒకటి పాడైతే ఇంకో ఏడాది బండిది తెచ్చి తగిలించేస్తారు. కాబట్టి లైట్లూ బంపర్లూ చూసి తొందరపడి చెప్పకు. కోత, వెల్డింగ్ లేకుండా మారనివి ముందు చూడు.

వెనక అద్దంతో మొదలుపెట్టు. 1953 మార్చి దాకా రెండు ముక్కల అద్దం, మధ్యన నిలువు పట్టీ. తర్వాత 1957 జులై దాకా కోడిగుడ్డు ఆకారంలో ఒకే అద్దం. ఆ ఆగస్టు నుంచి వెడల్పాటి అద్దం. రెండు ముక్కల బండికి గిరాకీ ఎక్కువ కాబట్టి కోడిగుడ్డు అద్దానికి పట్టీ అతికించి చూపించేవాళ్లుంటారు. అసలుదానిలో ఆ పట్టీ బాడీ రేకులో భాగమే, ఒక్కో అద్దానికీ విడిగా రబ్బరు ఉంటుంది. లోపలి నుంచి వేలితో తడిమి చూడు, అతుకు తగిలితే అనుమానించాల్సిందే. తలుపుల్లో చిన్న త్రికోణపు అద్దం 1952 అక్టోబరులో వచ్చింది. అదీ, రెండు ముక్కల వెనకద్దమూ కలిసి ఉన్న బండి ఆ ఆర్నెల్ల లోపుదే, చాలా అరుదు.

1955 నుంచి వచ్చే ఏడాది మోడల్ ముందటి ఆగస్టులోనే మొదలయ్యేది. 1957 సెప్టెంబరులో తయారైన బండిని 1958 మోడల్ అనాలి. సగం వాదనలు ఇక్కడే పుడతాయి.

తర్వాత తలుపు వెనకాల స్తంభం చూడు. పాత బళ్లకి ఇండికేటర్ అందులోంచి చేయిలా బయటికి లేచేది. యూరప్ బళ్లలో 1960 జులై దాకా ఉంది, అమెరికా బళ్లలో 1955లోనే పోయింది. ఆ గాడిని పుట్టీతో పూడ్చి రంగేస్తారు. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం దగ్గరుంచుకుని స్తంభం మీద పైనుంచి కిందికి జరుపు. అరచేయంత పొడవున పట్టు తప్పితే అక్కడ గాడి ఉండేదన్నమాట.

1964 ఆగస్టులో అద్దాలన్నీ పెద్దవయ్యాయి. ముందు అద్దం మీద అడ్డంగా స్కేలు పెట్టు. అంతకుముందుది చదునుగా ఉంటుంది, తర్వాతదానికి కాస్త వంపు తెలుస్తుంది. ఇక్కడ బ్రెజిల్ బండితో జాగ్రత్త. అక్కడ చివరిదాకా పాత చిన్న కిటికీలతోనే తయారుచేశారు, 1980ల బండి కూడా 1964 దానిలా కనిపిస్తుంది.

1967 ఆగస్టు నుంచి పెట్రోలు పోసే మూత బయటికి, కుడివైపు ముందు భాగంలోకి వచ్చింది. అంతకుముందు బానెట్ ఎత్తి పోయాలి. ఆ మూత బాడీ రేకులో ఉంటుంది కాబట్టి అప్పుడే వచ్చిన, వాలుగా కాక నిటారుగా నిలబడిన హెడ్‌లైట్ల కన్నా అదే నమ్మకమైన గుర్తు. పైగా అమెరికా బళ్లకి ఆ హెడ్‌లైట్లు ఒక ఏడాది ముందే వచ్చాయి. 1970 ఆగస్టు నుంచి వెనక పక్కద్దం వెనకాల నెలవంకలాంటి గాలి రంధ్రం కనిపిస్తుంది. బానెట్ ఎత్తగానే స్టెప్నీ పడుకుని ఉంటే అది బీటిల్‌లోనే 1302 గానీ 1303 గానీ అనే రకం అయివుంటుంది, వాటిలో ముందద్దం బాగా వంగి ఉన్నది 1303, అంటే 1972 ఆగస్టు తర్వాతది.

టెయిల్ లైట్లు చివర్లో చూడు. పెద్ద గుండ్రటివి 1973 మోడల్ నుంచి వచ్చాయి, కానీ పాత బళ్లకి వెనక మడ్‌గార్డులతో సహా పెట్టేసినవి బోలెడు.

ఇక వెనక సీటు లేపి, కారు నేల మధ్యన పొడుగునా ఉబ్బెత్తుగా ఉండే సొరంగం మీద కొట్టిన ఛాసిస్ నంబరు చదువు. 1965 మోడల్ నుంచి మూడో అంకె ఏడాదిని చెబుతుంది. 118తో మొదలైతే 1968 మోడల్. మొత్తం తొమ్మిదంకెలుంటే 1969 దాకా, పదంకెలుంటే 1970 నుంచి. అంకెల చుట్టూ గ్రైండింగ్ గీతలున్నాయేమో టార్చి పక్కనుంచి వేసి చూడు. బాడీ మొత్తం కూడా ఈ ఛాసిస్‌కి బోల్టులతో కూర్చున్నదే. నంబరు ఒక ఏడాదీ కిటికీలు ఇంకో ఏడాదీ చెబితే అది రెండు బళ్లు కలిపిన బండి. ఆర్సీలో ఏది రాసి ఉందో చూసి, ధర మాట్లాడే ముందే ఆ సంగతి యజమానిని అడుగు.

ఇట్లు
మీ బాబాయి