ఆరు సేబర్లకు ఎదురుగా ఒక్క నాట్

ప్రశ్న: 1971 యుద్ధంలో ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సేఖోన్ శ్రీనగర్ మీదికి వచ్చిన ఆరు పాకిస్తాన్ విమానాలను ఒక్కరే ఎదుర్కొన్నారని చదివాను. ఆయన ఒంటరిగా ఎందుకు మిగిలారు? ఒక్క విమానం ఆరింటితో పోరాడటం నిజంగా సాధ్యమేనా? వైమానిక దళంలో పరమవీర చక్ర ఆయనకు తప్ప మరెవరికీ రాలేదా?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: 1948 నాటి అంతర్జాతీయ ఒప్పందాన్ని అనుసరించి, యుద్ధం మొదలయ్యే వరకు శ్రీనగర్‌లో రక్షణ విమానాలను ఉంచలేదు. యుద్ధం రాగానే 18వ స్క్వాడ్రన్‌కు చెందిన నాట్ విమానాలను అక్కడికి పంపారు. కశ్మీరు చలికి గానీ, ఆ కొండల నడుమ విమానం నడపడానికి గానీ సేఖోన్‌కు అంతకుముందు అలవాటు లేదు.

డిసెంబరు 14 ఉదయం, బాంబులు వేసే నాలుగు పాకిస్తాన్ సేబర్ యుద్ధ విమానాలు, వాటికి కాపలాగా మరో రెండు పెషావర్ నుంచి వచ్చాయి. ఆ సమయానికి ఇద్దరు నాట్ పైలట్లు సిద్ధంగా ఉన్నారు. జట్టు నాయకుడు ఫ్లయిట్ లెఫ్టినెంట్ ఘుమన్ ముందుగా పైకి లేచారు. ఆ విమానం రేపిన దుమ్ము అణగే వరకు సేఖోన్ ఆగవలసి వచ్చింది. ఆలోపే సేబర్లు రన్‌వే నెత్తిమీదికి వచ్చి దాడి మొదలుపెట్టాయి. గాలిలో ఉన్న ఘుమన్‌కు ఆ మసకలో సేఖోన్ గానీ, శత్రు విమానాలు గానీ కనబడకపోవడంతో సేఖోన్ ఒంటరి అయ్యారు.

ఈ పోరు గురించి చెప్పేటప్పుడు అందరూ ఆరు అనే సంఖ్య దగ్గరే ఆగిపోతారు గానీ, నా దృష్టిలో అంతకంటే పెద్ద సాహసం ఆయన రన్‌వే మీద నుంచి లేవడమే. అప్పుడే నేల వదిలిన విమానానికి వేగమూ ఉండదు, ఎత్తూ ఉండదు. తప్పించుకునేందుకు పక్కకు తిరిగే వీలైనా ఉండదు. దాడి సాగుతున్న రన్‌వే నుంచి లేవడమంటే, ఆ కొద్ది క్షణాలూ శత్రువు తుపాకులకు తనను తాను అప్పగించుకోవడమే అవుతుంది.

మీ రెండో ప్రశ్నకు వస్తే, ఆరింటితోనూ ఒకేసారి పోరాడటం ఎవరికీ సాధ్యం కాదు. సేఖోన్ వెంటనే ఒక జంట సేబర్ల వెనుక పడ్డారు. నాట్ చాలా చిన్న విమానం కాబట్టి దూరం నుంచి కంటికి ఆనదు, చురుకుగా మలుపు తిరుగుతుంది. దానికి 30 మిల్లీమీటర్ల ఫిరంగులు రెండు ఉండగా, సేబర్‌కు ఆరు మెషిన్‌గన్‌లు ఉండేవి. ఒకదానితో ఒకటి తలపడితే నాట్ గెలిచే అవకాశం బాగానే ఉండేదని 1965 యుద్ధం చూపింది. అయితే, చెట్ల కొమ్మల ఎత్తులో గిరగిరా తిరిగే పోరులో ప్రతి మలుపుకూ వేగం తరిగిపోతుంది. దాన్ని తిరిగి పుంజుకోవడానికి కిందికి దిగుదామంటే నేల అడ్డం. ముందున్న జంట మీద గురి నిలిపిన పైలట్ వెనుకకు, తరగని వేగంతో మరొకరు చేరితే తప్పుకోవడం దాదాపు అసాధ్యం. కాపలా జంట వచ్చి చేరినప్పుడు సేఖోన్ విషయంలో అదే జరిగింది. దెబ్బ తిన్న నాట్ కూలిపోయి ఆయన మరణించారు.

రెండు సేబర్లకు ఆయన తూటాలు తగిలాయని మనవైపు కథనాలు చెబుతాయి. తమ విమానాలన్నీ తిరిగి చేరాయని పాకిస్తాన్ అంటుంది. దెబ్బ తగిలిన ప్రతి విమానమూ కూలిపోవాలని లేదు కాబట్టి ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. ఆయనను కూల్చిన సలీం బేగ్ మీర్జా కూడా తరువాత ఆయన పోరాటాన్ని మెచ్చుకున్నారు.

పరమవీర చక్ర ఇప్పటి వరకు 21 మందికి రాగా, వైమానిక దళం నుంచి అందులో ఉన్నది సేఖోన్ ఒక్కరే. ఇక్కడ స్క్వాడ్రన్ లీడర్ ఎ.బి. దేవయ్యనూ తలచుకోవాలి. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్‌లోని సర్గోధా వైమానిక స్థావరం మీద దాడికి వెళ్లిన ఆయన, ధ్వని కంటే వేగంగా ఎగరగల పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ విమానంతో తన పాతకాలపు మిస్టేర్ విమానంలో తలపడి, దాన్ని కూల్చి, తానూ తిరిగి రాలేదు. ఆ పోరు సంగతి మనకు చాలా ఏళ్ల తరువాత గానీ తెలియలేదు, అదీ పాకిస్తాన్ వైపు నుంచి వచ్చిన వివరాల వల్లే. ఆయనకు మహావీర చక్ర ప్రకటించింది 1988లో.