తెలుగు న్యూస్ రీడర్‌గా స్థిరపడాలంటే రేడియోతో మొదలుపెట్టాలా, టీవీతోనా?

ఎం.ఏ. తెలుగు చదివి, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతున్న మీరు, గొంతు బాగుందని అందరూ అంటున్నారు కాబట్టి వార్తలు చదివే వృత్తిలోకి రావచ్చా, వస్తే రేడియోతో మొదలుపెట్టాలా టీవీతోనా, అందులో ఎన్నేళ్లు కొనసాగవచ్చు అని అడిగారు. అమీర్‌పేటలో ఛానల్ ఉద్యోగం ఇప్పిస్తామంటున్న ఒక శిక్షణ సంస్థ గురించి కూడా అడిగారు; దాని సంగతి చివర చెబుతాను. నేను సైఫాబాద్‌లోని ఆకాశవాణి కేంద్రంలో క్యాజువల్ న్యూస్ రీడర్‌గా (పిలిచిన రోజుకే డబ్బు ఇచ్చే తాత్కాలిక పని) మొదలై, ఆ తరువాత ప్రైవేటు ఛానళ్లలో యాంకర్‌గానూ, వార్తలను దిద్ది ప్రసారానికి సిద్ధం చేసే అవుట్‌పుట్ డెస్కులోనూ పనిచేశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: రేడియోతో మొదలుపెట్టండి, అందులోనూ చదవడం కంటే ముందు కాపీ, అంటే చదవాల్సిన వార్తా పాఠం, రాయడం నేర్చుకోండి. నాతో పాటు ఈ రంగంలోకి వచ్చినవారిలో ఇప్పటికీ పని దొరుకుతున్నవారంతా వార్త రాయగలిగినవారే.

హైదరాబాద్‌లో రేడియో వార్తలంటే ఆకాశవాణి ఒక్కటే. ప్రైవేటు ఎఫ్.ఎం. స్టేషన్లు సొంతంగా వార్తలు తయారుచేసి ప్రసారం చేయడానికి మన దేశంలో అనుమతి లేదు. ఆకాశవాణి బులెటిన్‌ను మార్పులు లేకుండా తిరిగి ప్రసారం చేసుకోవచ్చునని 2011 నాటి విధానంలో వెసులుబాటు ఇచ్చారు, అంతే. అందువల్ల ఆర్.జె. (రేడియో జాకీ) ఉద్యోగాన్ని ఈ లెక్కలోకి తీసుకోకండి, అది పూర్తిగా వేరే పని. నిజాం కాలంలో దక్కన్ రేడియోగా ఉండి 1950లో ఆకాశవాణిలో కలిసిన ఈ కేంద్రంలో ప్రాంతీయ వార్తా విభాగం విడిగా ఉంటుంది. రెగ్యులర్ ఉద్యోగ నియామకాలు చాలా అరుదు కాబట్టి, పరీక్ష పెట్టి ఎంపిక చేసిన క్యాజువల్ ప్యానెల్‌లోకి, అంటే అవసరమైనప్పుడు పిలిచేవారి జాబితాలోకి, రావడమే మీకున్న అసలు దారి. ఆ ప్యానెల్ కోసం వచ్చే ప్రకటనలో ఈ పని పేరు న్యూస్ రీడర్ కమ్ ట్రాన్స్‌లేటర్ అని ఉంటుంది. రాత పరీక్షలో ఇంగ్లీషు వార్తను తెలుగులోకి మార్చమంటారు, వర్తమాన వ్యవహారాలు అడుగుతారు, ఆ తరువాతే మైకు ముందు కూర్చోబెడతారు. గొంతు ఒక్కటే నమ్ముకుని వచ్చి, అనువాదం దగ్గరే ఆగిపోయినవారిని చాలామందిని చూశాను.

ఆ అనువాదం ఎలాంటిదో ఒక ఉదాహరణ చెబుతాను. వానాకాలంలో మనకు తప్పకుండా వచ్చే వార్త నాగార్జునసాగర్ గేట్లు. ఇంగ్లీషు కాపీని వరుస తప్పకుండా తెలుగు చేసిన కొత్తవారు ఇలా రాస్తారు: “ఎగువ నుంచి భారీగా వరద వస్తున్న నేపథ్యంలో, పూర్తిస్థాయి నీటిమట్టం 590 అడుగులు కాగా ప్రస్తుతం 588 అడుగులకు చేరుకున్న నాగార్జునసాగర్ జలాశయం క్రస్ట్ గేట్లను అధికారులు ఎత్తి దిగువకు నీటిని విడుదల చేశారు.” వ్యాకరణపరంగా ఇందులో తప్పేమీ లేదు, కానీ వంటింట్లో పని చేసుకుంటూ రేడియో వింటున్న మనిషికి గేట్లు ఎత్తారన్న సంగతి వాక్యం చివరి దాకా తెలియదు, తెలిసేసరికి అడుగుల లెక్క మరిచిపోయి ఉంటారు. పత్రికలో అయితే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోవచ్చు, రేడియోలో ఆ వీలు లేదు. మా సీనియర్లు దీన్ని విరగ్గొట్టి రాయించేవారు: “నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారు. ఎగువ నుంచి వరద పెరగడంతో అధికారులు నీటిని దిగువకు వదులుతున్నారు. జలాశయం నీటిమట్టం అయిదు వందల ఎనభై ఎనిమిది అడుగులకు చేరింది. పూర్తిస్థాయి మట్టం అయిదు వందల తొంభై అడుగులు.” అంకెలను అక్షరాల్లో రాసుకోవడం చాదస్తమనుకోకండి, మైకు లైవ్ అయిందని చెప్పే ఎర్రదీపం వెలిగాక పెద్ద అంకెను చూసి సున్నాలు లెక్కపెట్టుకునే తీరిక ఎవరికీ ఉండదు. ఇరవై అయిదు లక్షలను ఇంగ్లీషు కాపీ రెండున్నర మిలియన్లంటుంది, వంద కోట్లను ఒక బిలియన్ అంటుంది. ఈ మార్పిడి ఆలోచించకుండా వచ్చేయాలి.

ఉచ్చారణ సంగతి మీకు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదనుకుంటాను, తెలుగు చదువుకున్నారు కాబట్టి శ, ష, సల తేడా, ళ, ణలు మీకు సమస్య కావు. అయితే ఊళ్ల పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. తెలంగాణలో ఇప్పుడు 33 జిల్లాలున్నాయి, ఒక్కొక్క మండలం పేరును అక్కడివాళ్లు ఎలా పలుకుతారో అలాగే పలకాలి, లేకపోతే బులెటిన్ అయ్యేలోపే డ్యూటీ రూమ్‌కు ఫోన్ వస్తుంది. అనుమానం వస్తే ఆ జిల్లా విలేఖరికి ఫోన్ చేసి కనుక్కునేవాళ్లం.

స్టూడియోలో నేర్చుకునే విద్య చిన్నదిగా కనిపిస్తుంది గాని చాలా కాలం పనికి వస్తుంది. కాగితానికి ఒకవైపే రాసుకోవాలి, పిన్ను కొట్టకూడదు, చదివిన పేజీని తిరగేయకుండా మెల్లగా పక్కకు జరపాలి, ఎందుకంటే కాగితం చప్పుడు మైకులో పెద్దగా వినిపిస్తుంది. పది నిమిషాల బులెటిన్‌ను పది నిమిషాలకే ముగించాలి కాబట్టి, చివర్లో ముఖ్యాంశాలను మరోసారి చదివేటప్పుడు ఒకటి వదిలేయాలో, నిదానించాలో గడియారం చూసి అప్పటికప్పుడు తేల్చుకోవాలి. చివరి పేజీ అడుగున వాతావరణ వార్త ఒకటి అదనంగా పెట్టుకోవడం నాకు అలవాటు. సమయం మిగిలితే చదివేదాన్ని, లేకపోతే లేదు.

ఇక టీవీ. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైనా, తెలుగు వార్తలు 1983 నవంబరు 14న గాని రాలేదు. ఆ తొలి బులెటిన్ చదివిన శాంతి స్వరూప్ గారు చదవాల్సిన పాఠాన్ని కెమెరా దగ్గరే చూపించే టెలిప్రాంప్టర్ లేని రోజుల్లో వార్తలను కంఠస్థం చేసి, కెమెరా వైపు చూస్తూ చెప్పేవారు. 2011లో పదవీ విరమణ చేసి, 2024 ఏప్రిల్‌లో కన్నుమూసిన ఆయనను మా తరం వారంతా గురువుగానే చూశారు. ప్రాంప్టర్ వచ్చాక కంఠస్థం చేసే శ్రమ పోయింది, దానితో పాటే బులెటిన్‌కు ముందు కాపీ మొత్తాన్ని ఒకసారి చదువుకునే అలవాటు కూడా చాలామందికి పోయింది. ఇది మంచి పరిణామం కాదని నా అభిప్రాయం.

ఎందుకంటే 2004లో టీవీ9 రావడంతో తెలుగులో 24 గంటల వార్తల పోటీ ఊపందుకున్నాక, యాంకర్ పనిలో సగం ప్రాంప్టర్ లేకుండా జరిగేదే. బ్రేకింగ్ వస్తుంది, చేతిలో ఉన్న సమాచారం రెండు వాక్యాలు, తెర మీద అదే దృశ్యం మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది, మీరు మాట్లాడుతూనే ఉండాలి. చెవిలోని ఇయర్‌పీస్‌లో పీసీఆర్ (ప్రసారాన్ని నడిపించే కంట్రోల్ రూమ్) నుంచి ప్రొడ్యూసర్ “ఖమ్మం ఫోనో రెడీ, బ్రేక్ లేదు, కంటిన్యూ” (ఖమ్మం విలేఖరి ఫోన్‌లో సిద్ధంగా ఉన్నారని) అని చెబుతూ ఉంటారు. అది వింటూ, నోటి వాక్యం తెగకుండా చూసుకోవాలి. ఆ సమయంలో డెస్కులో పనిచేసినవారికి ఏం అడగాలో తెలుస్తుంది: ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది, గాయపడినవారిని ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఈ మాట చెప్పిన అధికారి ఎవరు. డెస్కు తెలియనివారు “అక్కడ పరిస్థితి ఎలా ఉంది” అన్న ఒక్క ప్రశ్ననే నాలుగు రకాలుగా అడుగుతారు. ముఖ్యంగా మరణవార్తను, ఫోన్‌లో ఎవరో అన్నారని, అధికారికంగా తేలకముందే నోటి నుంచి జారనివ్వకుండా ఆపుకోగలగాలి, ఆపుకోమని ఇయర్‌పీస్‌లో ఎవరూ చెప్పరు, చాలాసార్లు తొందరపెడతారు కూడా.

ఎన్నేళ్లు అన్న మీ ప్రశ్నకు నిజాయితీగా చెప్పాలంటే, తెర మీద కాలం తక్కువ, ఆడవాళ్లకు మరీ తక్కువ. నేను పనిచేసిన ఒక ఛానల్‌లో, రాత్రి తొమ్మిది గంటల బులెటిన్ చక్కగా నడిపించిన ఒకావిడ ప్రసూతి సెలవు ముగించుకుని రాగానే ఆమెను తెల్లవారుజాము షిఫ్టుకు మార్చారు, కారణం కాగితం మీద ఎవరూ పెట్టలేదు. ఆమెకు కాపీ రాయడం, ప్యాకేజీలు (దృశ్యాలతో కూర్చిన వార్తా కథనాలు) దిద్దడం వచ్చు కాబట్టి అవుట్‌పుట్ డెస్కుకు వెళ్లి, కొన్నాళ్లకు ఆ షిఫ్టుకు ఇన్‌చార్జి అయ్యారు. చదవడం మాత్రమే వచ్చిన మగ సహోద్యోగులు కూడా ఛానల్ యాజమాన్యం మారినప్పుడు ఇంటికి వెళ్లారు. జీతాలు నెలల తరబడి ఆలస్యమయ్యే సంస్థలూ ఉన్నాయి కాబట్టి, చేరేముందు లోపల పనిచేస్తున్న కెమెరామెన్‌ను అడగండి, హెచ్.ఆర్.ను కాదు. 2023లో కృత్రిమ మేధతో తయారైన యాంకర్ తెలుగు తెర మీదకు కూడా వచ్చింది. రాసిచ్చినది తప్పు లేకుండా చదవడం వరకే అయితే ఆ పని యంత్రానికి వెళ్లడం ఖాయమనిపిస్తోంది, లైవ్‌లో ప్రశ్న అడగడం మాత్రం ఇంకా మనుషుల చేతిలోనే ఉంది.

మీది పాలమూరు యాస అని, దాన్ని పూర్తిగా వదిలేయాలా అని సందేహించారు. వదలనక్కరలేదు. బులెటిన్‌కు అందరికీ అర్థమయ్యే భాష కావాలి, అది సాధనతో వస్తుంది. 2012లో మొదలైన వీ6 ఛానల్ తీన్మార్ వార్తలతో తెలంగాణ మాటకు తెర మీద పెద్ద గిరాకీ తెచ్చింది. రెండు తీర్లా మాట్లాడగలిగినవారికి ఇప్పుడు అవకాశాలు ఎక్కువే, అయితే నవ్వించడానికి యాసను అరువు తెచ్చుకున్నవారిని ఊరివాళ్లు ఇట్టే పట్టేస్తారు.

కళాశాల ఉద్యోగం ఇప్పుడే మానకండి. క్యాజువల్ బుకింగులు నెలలో కొద్ది రోజులే ఉంటాయి, డ్యూటీ చేసిన రోజుకే పారితోషికం, దానితో హైదరాబాద్‌లో ఇల్లు గడవదు. ప్యానెల్ ప్రకటన వచ్చేదాకా రోజూ ఒక ఇంగ్లీషు పత్రిక తీసుకుని అయిదారు వార్తలను వినడానికి వీలైన తెలుగులో రాయండి, ఫోన్‌లో రికార్డు చేసుకుని మరునాడు వినండి. అప్పుడే రాసింది అప్పుడే వింటే తప్పులు దొరకవు. అమీర్‌పేట సంస్థ విషయానికి వస్తే, ఛానళ్లు స్క్రీన్ టెస్ట్ చూసి తీసుకుంటాయి, నా అనుభవంలో అలాంటి సంస్థల సర్టిఫికెట్ ఎక్కడా ఎవరూ అడగలేదు. డబ్బు కట్టేముందు, ఉద్యోగం మాట పక్కన పెట్టి, అక్కడ మీ కాపీని రోజూ దిద్దేది ఎవరు, ఆయన లేదా ఆమె ఏ డెస్కులో పనిచేశారు అని అడగండి. మేకప్, ప్రాంప్టర్, ఫొటోషూట్ గురించి మాత్రమే చెబితే చేరకండి. వాటిని ఏ ఛానల్‌లోనైనా మొదటి వారంలోనే, జీతం ఇచ్చి మరీ నేర్పుతారు.